బాలమ్మ చెంబులో లీటరు నీళ్ళు

కూసో నిత్యా, ఇట్ల నా ఎదురుంగ. ఫోను బోర్లేసి పెట్టు. చెవి పెట్టి విను, సగం విని సగం నీ సొంతంగ కలిపి రాసుడు నాకొద్దు. మా పాత ఆఫీసు వాళ్ళు వేస్తున్న సంచికకు ఇయ్యాలె ఇది. నా వేళ్ళు సక్కగుంటే నేనే రాసుకుంటుంటి, నిన్నెందుకు పరేషాన్ చేస్త? నేను పేపరు భాషల చెప్త, చెప్పింది చెప్పినట్టు రాయి. నడుమ నీతోని మాట్లాడేటివి రాయకు. అప్పుడే రాస్తున్నవా? కొట్టెయ్. సరే, పోనీ, ఉండనీ తియ్.

తొంభైల మొదట్లో సంగతి. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు, నన్ను జనరల్ డెస్కు నుంచి విజ్ఞానం పేజీకి మారుస్తూ ఒక కాగితం వచ్చింది. మిరుగం అని ఎలా గుర్తుందంటే, ఆ రోజు అందరూ చేపలు తింటారు కదా, రాంనగర్ చేపల మార్కెట్లో జనం తొక్కిసలాట గురించి వచ్చిన వార్త దిద్దుతుండగానే ఆ కాగితం నా బల్ల మీద పెట్టారు. నారాయణగూడలో ఒక గల్లీలో ఉండేది మా దినపత్రిక. నా హోదా సబ్ ఎడిటర్. విలేఖరులు పంపిన వార్తను దిద్ది, కుదించి, శీర్షిక పెట్టడం మా పని. మా పైన చీఫ్ సబ్ రంగారావు గారు, గుంటూరు వైపు మనిషి. డెస్కు మీద ఉన్న ఏడుగురిలో కోఠిలో చదివి కెమిస్ట్రీ డిగ్రీ తెచ్చుకున్నది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళది తెలుగు, చరిత్ర, లేదంటే మధ్యలో వదిలేసిన లా. ఆ ఒక్క డిగ్రీ చూసి బుధవారం అరపేజీ నా చేతిలో పెట్టారు.

పేజీ ఎలా తయారయ్యేదో చెప్పాలి, ఇప్పటివాళ్ళకు తెలియదు. న్యూస్‌ప్రింట్ ముక్కల మీద చేత్తో రాసిన కాపీ కంపోజింగ్‌కు వెళ్ళేది. అక్కడ అచ్చు కొట్టి తీసిన మొదటి నకలు ప్రూఫ్ సెక్షన్‌కు వచ్చేది. అక్కడ ఇద్దరు కూర్చుంటారు. ఒకరు నా చేతిరాతను పైకి చదువుతుంటే రెండోవారు అచ్చులో తప్పులు పట్టుకుంటారు. తప్పులు దిద్దాక నిగనిగలాడే ఫొటో కాగితం మీద అచ్చు తీస్తారు, దాన్ని బ్రోమైడ్ అంటారు. దాన్ని బ్లేడుతో కోసి పేజీ సైజు అట్ట మీద అతికిస్తారు. విజ్ఞానం పేజీ సోమవారం సాయంత్రం ఆరింటికి మూసేయాలి. ఆ తర్వాత కామా మార్చాలన్నా రంగారావు గారి సంతకం కావాలి.

మొదటి నెల నేను నాకు చదువు చెప్పిన మేడమ్‌లను దృష్టిలో పెట్టుకుని రాశాను. కాంతి వక్రీభవనం అన్నాను, ద్రవాభిసరణం అన్నాను. ఒక్కో వాక్యం చిక్కడపల్లిలో మొదలై నారాయణగూడలో ముగిసేది. ప్రూఫ్ సెక్షన్‌లో పైకి చదివే యాదగిరి గారు ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, చాలా మర్యాదగా, "మేడమ్, మీ పేజీ ఉన్ననాడు మా ఇద్దరికి ఒక చాయ్ ఎక్కువ పడుతది. నడుమ ఊపిరి తీసుకునే జాగ కూడ ఇస్తలేరు మీరు" అన్నాడు. డెస్కంతా నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, ఆయనకు సైన్సు రాదు కదా అని లోపల అనుకున్నాను.

ఆ నెలలో పేజీకి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ రిటైరైన లెక్చరర్లు రాసినవే. ఒకాయన నేను వాడిన ఒక పదం కన్నా మంచి సంస్కృత పదం పంపాడు. రెండో ఆయన తన పుస్తకం పంపాడు.

రంగారావు గారు నన్ను పిలిచి ఆ రెండు ఉత్తరాలూ నా ముందు పెట్టారు. యాజమాన్యం ఈ అరపేజీ తీసేసి సినిమా పేజీకి కలపాలని చూస్తోందని, తను మూడు నెలల గడువు అడిగానని చెప్పారు. తర్వాత, "సరోజిని గారూ, మీరు రాసేది తప్పు కాదండీ. కానీ అది చదివి ఎవరూ ఏమీ చెయ్యరు. పేపరు చదివాక మనిషి చేతిలోనో కాలిలోనో ఏదో ఒకటి కదలాలి" అన్నారు. ఆ రోజు నాకొక నియమం పెట్టారు. ప్రతి వ్యాసం కంపోజింగ్‌కు ఇచ్చే ముందు, కాలేజీ గడప తొక్కని ఒక మనిషికి పైకి చదివి వినిపించాలి. ఆ మనిషికి అర్థమైతేనే లోపలికి పంపాలి.

నాకు దొరికిన మనిషి బాలమ్మ.

అప్పుడు మేం ఇదే అశోక్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం, ఇక్కడికి రెండు గల్లీల అవతల. ఎదురుగా ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. ఆ ఇసుక కుప్ప పక్కన రేకుల గుడిసెలో బాలమ్మ, ఆమె భర్త నర్సింలు, ఏడాదిన్నర కూతురు మంజుల ఉండేవాళ్ళు. పాలమూరు నుంచి వచ్చారు. పొద్దంతా ఇటుకలు మోసేది. సాయంత్రం కొత్త గోడలకు నీళ్ళు కొట్టేది. నీళ్ళు కొట్టడం అయ్యాక మా మెట్ల మీద కూర్చునేది, మంజుల ఆమె ఒళ్ళో. నేను కాగితాలు తెచ్చుకుని చదివేదాన్ని. మీ తాత కిటికీలోంచి చూసి, బాలమ్మా నీకు కూలి ఎంత ఇస్తున్నది మా ఆమె, అని అడిగేవాడు. ఆమె, "ఇటుకలు మోసుడే నయం సారూ" అనేది. అని పక్కున నవ్వేది.

నేను చదవడం ముగించి, "సమజైందా బాలమ్మా?" అని అడిగేదాన్ని. ఆమె తల ఊపేది. "ఐందమ్మా. నువ్వు సదువుతుంటే రేడియో లెక్కుంటది" అనేది. నాకు సంతోషం వేసేది. వాక్యాలు చిన్నవి చేశాను, సంస్కృతం తగ్గించాను. ఉత్తరాలు పెరిగాయి. ఒక వారం పదకొండు వచ్చాయి. యాదగిరి గారు చాయ్ ఒక్కటే తాగుతున్నానన్నాడు. నాకు విద్య పట్టుబడిందనుకున్నాను.

రాస్తున్నవా? అలసిపోతే చెప్పు. ఇంక అసలుది వస్తున్నది.

వానలు ముదిరాయి. నాలా పొంగి బస్తీల్లో నీళ్ళు నిలిచాయి. మంచినీళ్ళ పైపుల్లో మురికి కలిసింది. చిక్కడపల్లి కింది వైపు, రాంనగర్ దగ్గర పిల్లలకు వాంతులు, విరేచనాలు. రంగారావు గారు పిలిచి, ఈ వారం పేజీ పైన మొత్తం వెడల్పుకూ ఉప్పు చక్కెర నీళ్ళ గురించి రాయమన్నారు. ఒంట్లోంచి పోయిన నీటిని ఇంట్లోనే ఎలా తిరిగి నింపాలో, డబ్బు లేనివాళ్ళు కూడా చేసుకునేలా. నేను ఒక పిల్లల డాక్టరును కలిశాను. కొలతలు రాసుకుని, మళ్ళీ ఆయనకే చదివి సరిచూసుకున్నాను. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళు, ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా మీద కుప్పగా ఉండకుండా సమంగా. ఒక్క కష్టమైన మాట లేకుండా రాశాను. మెట్ల మీద కూర్చుని బాలమ్మకు రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అడిగాను. రెండుసార్లూ ఆమె ఐందన్నది.

బుధవారం పేజీ వచ్చింది. ఒక కాపీ ఆమెకు ఇచ్చాను. రంగారావు గారు ఆ రోజు నా బల్ల దగ్గరికి నడిచి వచ్చి, ఇదండీ పేజీ అంటే, అన్నారు. చీఫ్ సబ్ సబ్ ఎడిటర్ బల్ల దగ్గరికి నడిచి రావడమంటే మా ఆఫీసులో చిన్న సంగతి కాదు.

శనివారం పొద్దున నేను ముగ్గు వేస్తుంటే నర్సింలు పరుగెత్తుకొచ్చాడు. పిల్ల కళ్ళు తెరుస్తలేదన్నాడు.

గుడిసెలోకి వంగి వెళ్ళాను. మంజుల చాప మీద ఉంది. కళ్ళు లోపలికి పోయాయి, పెదవులు ఎండిపోయాయి. నిన్నటి నుంచి విరేచనాలని బాలమ్మ చెప్పింది. నేను, ఆ నీళ్ళు పట్టలేదా అని అడిగాను. పట్టిన, నువ్వు రాసినట్టే పట్టిన, నిన్న పగటి నుంచి ఇడువకుండ పడుతున్న, తాగిన కొద్దీ కక్కుతున్నది, రాత్రంత నీళ్ళు నీళ్ళని ఏడ్చింది అన్నది. తలెత్తి చూస్తే, వెనక రేకు మీద నా వ్యాసం అతికించి ఉంది. అన్నం గంజితో అతికించింది. చుట్టూ పసుపు బొట్లు పెట్టింది. ఆమెకు చదువు రాదు. నర్సింలుకూ రాదు.

కింద ఒక ఇత్తడి చెంబులో మిగిలిన నీళ్ళున్నాయి. వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాను. నోరు ముడుచుకుపోయింది. అంత ఉప్పు.

ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. పిల్ల నా ఒళ్ళో ఉంది. నేను వద్దన్నా వినకుండా బాలమ్మ ఆ చెంబు కూడా చెంగు కింద పట్టుకుని వచ్చింది. దారంతా నేను ఏమేం కలిపావని అడుగుతూనే ఉన్నాను. లీటరంటే ఎంతో ఆమెకు తెలియదు. ఉన్న చెంబు నిండా పోసింది. చెంచా వాళ్ళింట్లో లేదు. నూనె పోసుకునే గరిటె ఉంటే దానితోనే కొలిచింది. చక్కెర రెండు గరిటెలకే అయిపోయింది. ఉప్పు మాత్రం నిండుగా వేసింది, జర గట్టిగ కలిపితే జల్ది తగ్గుతదని.

మంజులకు సెలైన్ ఎక్కించారు. అక్కడి సిస్టర్ నడివయసు మనిషి, కొంచెం కటువుగా మాట్లాడేది. ఏం పట్టారని అడిగితే బాలమ్మ చెంబు ఇచ్చింది. సిస్టర్ ఒక చుక్క నాలుక మీద వేసుకుని, మా ఇద్దరినీ చూసింది. ఎవరు చెప్పిన్రు మీకు ఇట్ల కలపమని, అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే బాలమ్మ, ఎవ్వలు చెప్పలేదమ్మా, నేనే తప్పు జేసిన, అన్నది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ఒక్క మాటతో ఆమె నన్ను తన వెనక దాచేసింది.

నేను సిస్టర్‌తో చెప్పాను, పేపర్లో రాసింది నేనేనని. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. "కొలత రాసిన్రు, మంచిదే. రుచి ఎందుకు రాయలేదు?" అని మాత్రం అడిగింది. "కన్నీళ్ళకంటే ఉప్పగుండొద్దు అని చెప్పాలె. అంతకన్న ఉప్పగుంటే పారబోసి మళ్ళ కలుపుకోవాలె. కన్నీళ్ళ రుచి తెల్వని ఆడది ఉంటదా?"

రెండు రాత్రులు పిల్లను అక్కడే ఉంచారు. ఆదివారం సాయంత్రం మంజుల బన్ను ముక్క అడిగింది. ఇంటికి పోయాక కూడా ఇంకొన్ని రోజులు ఆ నీళ్ళే పట్టాలని డాక్టరు చెప్పాడు. ఉప్పు మాటెత్తితేనే బాలమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంటోంది. నేను దగ్గర కూర్చుని, ఈసారి ఇంకా నెమ్మదిగా, ఇంకా తేలికగా అంతా మళ్ళీ చెప్పాను. సమజైందా అన్నాను. ఐందమ్మా అన్నది.

సోమవారం పొద్దున డిశ్చార్జికి ముందు సిస్టర్ వచ్చింది. ఆమె ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు. ఒక గిన్నె, ఒక నీళ్ళ సీసా, ఉప్పు, చక్కెర, చెంచా బాలమ్మ ముందు పెట్టి, "నాకు జేసి చూపియ్యి" అన్నది. అంతే. బాలమ్మ చెంచాను ఉప్పులో ముంచి కుప్పగా తీసింది. అర చెంచా అని నేను మూడుసార్లు చెప్పాను. కుప్పగా తీసి, సగం దులిపితే అర చెంచా అని ఆమె అర్థం చేసుకుంది. సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుని, వేలితో చెంచా మీద గీసి సమం చేసింది. తర్వాత దాన్ని మధ్యకు విభజించింది. ఆ కొద్దిపాటి ఉప్పు చూసి బాలమ్మ, గింతనేనా, అన్నది. నేను కూడా మనసులో అదే అనుకున్నాను. నేను ఆ అర చెంచాను కాగితం మీద రాశాను గానీ, చేత్తో ఎన్నడూ కొలవలేదు.

తిరిగి వస్తూ ఆటోలో అడిగాను. ప్రతిసారీ ఐందని ఎందుకు చెప్పావు, కాలేదని ఒక్కసారన్నా అనొచ్చు కదా అని. బాలమ్మ పిల్ల తల నిమురుతూ కూర్చుంది. చిక్కడపల్లి దాటాక అన్నది.

"నువ్వు గంత మంచిగ సదువుతుంటే సమజ్ కాలేదని ఎట్ల చెప్తనమ్మా? నీ మనసు నొస్తది. నువ్వు పొద్దంత కష్టపడి వొచ్చి నా కోసం సదువుతుంటివి."

నేను ఆమెను పరీక్షిస్తున్నాననుకున్నాను. ఆమె నన్ను ఓదారుస్తూ వచ్చింది, ఆ రెండు నెలలూ.

కండ్ల నీళ్ళు కాదు బిడ్డా, దుమ్ము. రాయి.

అది సోమవారం. సాయంత్రం ఆరింటికి పేజీ మూసేయాలి. గుడిసెలో బాలమ్మతో ఆ నీళ్ళు మళ్ళీ చేయించాను. ఈసారి ఆమె సామాన్లతో. నేను ఒక్క మాట చెప్పకుండా, ఆమె ఆగిన చోటల్లా కాగితం మీద గీత పెట్టుకున్నాను. మొదట లీటరు దగ్గరే ఆగింది. మూల చూసింది. అక్కడ ఖాళీ పాల ప్యాకెట్లు ఒక సంచి నిండా ఉన్నాయి, కడిగి కబాడీ వాడికి అమ్మడానికి ఎదురు చాయ్ హోటల్ నుంచి ఏరి తెచ్చుకున్నవి. "పాకిట్ల పాలు అర్ధ లీటరంటరు గదమ్మా. రెండు పాకిట్ల నీళ్ళు పోస్తే?" అని అడిగింది. డిగ్రీ నాకుంది. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. చెంచా కోసం చాయ్ హోటల్‌కు పంపించింది నర్సింలును. చివరికి నాలుక మీద చుక్క వేసుకుంది. ఇంకో చుక్క నా అరచేతిలో వేసింది. ఇద్దరం తల ఊపాం. అప్పుడు మంజులకు పట్టింది. పిల్ల కక్కలేదు.

నేను ఆ చెంబూ, నూనె గరిటే అడిగి తీసుకుని ఆఫీసుకు పోయాను.

రంగారావు గారితో జరిగిందంతా చెప్పి, ఈ బుధవారం సవరణ వేయాలన్నాను. పేపర్లో సవరణ అంటే, అచ్చయిన తప్పును ఒప్పుకుంటూ వేసే రెండు వాక్యాలు. ఆయనకు పిల్ల సంగతి విని బాధ కలిగింది, ముందు పిల్ల ఎలా ఉందనే అడిగారు. కానీ సవరణ కుదరదన్నారు. పాత పేజీ తెప్పించి వేలు పెట్టి చూపించారు. నీళ్ళు సరైనవి, చక్కెర సరైనది, ఉప్పు సరైనది. "తప్పెక్కడుందో చూపించండి, సవరణ వేస్తాను. తప్పు లేని చోట తప్పు రాశామని ఒప్పుకుంటే, పైవాళ్ళు రేపే ఈ పేజీ ఎత్తేస్తారు. మీరు మళ్ళీ చేపల మార్కెట్ వార్తలు దిద్దుకోవాల్సి వస్తుంది" అన్నారు. బెదిరింపు కాదు, ఆయనకూ ఆ పేజీ మీద ప్రేమ ఉంది.

నాకు వాదించడం రాదు, మీ తాతను అడుగు. నేను బాలమ్మ చెంబు ఆయన బల్ల మీద పెట్టాను. సార్, ఇందులో లీటరు నీళ్ళు పడతాయా అన్నాను. ఆయన చేత్తో బరువు చూసి, పడతాయి, కొంచెం తక్కువైతే కావచ్చు అన్నారు. కుండలోంచి నీళ్ళు నింపాను. ఈలోపు డెస్కు మీదివాళ్ళు చుట్టూ చేరారు. ఒకాయన లీటరున్నర అన్నాడు. ఒకాయన ముప్పావు అన్నాడు. పందేలు మొదలయ్యాయి. కొలవడానికి చూస్తే డెస్కు దగ్గర ఎక్కడా లీటరు కొలత లేదు. చివరికి యాదగిరి గారు కెమెరా సెక్షన్‌కు పోయి, ఫిల్ములు కడిగే మందు కొలిచే గీతల లీటరు జాడీ ఒకటి శుభ్రంగా కడిగి తెచ్చాడు. చెంబులో నీళ్ళు అందులో పోశాడు. సగం గీత దగ్గర ఆగిపోయాయి. అర లీటరు కూడా సరిగ్గా లేదు.

ఎవరూ నవ్వలేదు. యాదగిరి గారే మెల్లగా అన్నాడు. "సార్, మనం రోజు లక్షల అక్షరాలు చూసేటోళ్ళం. చెంబెడు నీళ్ళు చూడరాకపాయె. ఆ తల్లిని ఏమంటం?"

రంగారావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. టైమెంతయిందని అడిగారు. నాలుగు దాటింది. "సవరణ అని పెట్టను. పేజీ పైన మళ్ళీ రాయండి. మొదటి వాక్యం మీ ఇష్టం, నేను ముట్టుకోను" అన్నారు. నేను నిలబడే రాశాను. మొదటి వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పోయిన వారం ఇదే చోట మేము ఇచ్చిన అంకెలు సరైనవే. వాటిని ఇంట్లో ఎలా కొలవాలో చెప్పలేదు, ఆ లోపం మాది.

తర్వాత రాసిందంతా చేతుల వరుసలో రాశాను. ముందు చేతికి ఏం తగులుతుందో అది ముందు. రెండు అర లీటరు పాల ప్యాకెట్ల నీళ్ళు. చెంచా మీద వేలితో గీయడం. ఉప్పు ఎక్కువ వేస్తే త్వరగా తగ్గదని, పిల్లకు దాహం పెరుగుతుందని. అన్నిటికన్నా చివర కాదు, నడుమ, పెద్ద అక్షరాల్లో, నాలుక మీద చుక్క వేసుకుని చూడమని, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోయమని. పిల్ల ఎంతకీ తేరుకోకపోతే ఈ నీళ్ళను నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దని, దవాఖానకు పరుగెత్తమని. బాలమ్మ ఎక్కడ ఆగిందో నా కాగితం మీద గీతలున్నాయి కదా, ఆ ప్రతి చోటా ఒక వాక్యం పెట్టాను. ప్రూఫ్ సెక్షన్‌లో యాదగిరి గారు దాన్ని ఎక్కడా ఆగకుండా చదివాడు. చదివాక, అచ్చు చూసే ఆయనతో, మళ్ళొకసారి చదువుత, మా కోడలికి చెప్పాలె, అన్నాడు.

ఆ వ్యాసానికి ఒక్క ఉత్తరం రాలేదు. అది బాగుందని ఎవరూ మెచ్చుకోలేదు. పేజీ మాత్రం ఉండిపోయింది, నేను రిటైరయ్యేదాకా. ఎందుకుంచారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

అపార్ట్‌మెంట్ పూర్తయ్యేదాకా బాలమ్మ నాకు మొదటి పాఠకురాలు. తర్వాత వాళ్ళు నల్లకుంటలో ఇంకో కట్టడానికి వెళ్ళిపోయారు. పోయేరోజు ఆ చెంబు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు, ఉండనీ అమ్మా, నీకు రాసుకునేటందుకు పనికొస్తది అన్నది. అందులో చూసి రాసుకోవడానికి ఏముంటుంది అనుకున్నాను. కానీ అలాగే జరిగింది. ఎక్కడన్నా ఒక అంకె రాయాల్సి వస్తే బల్ల మీద ఉన్న ఆ చెంబు వైపు చూసేదాన్ని.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా నేను వ్యాసాలు చదివి వినిపించాను. ఇస్త్రీ చేసే ఆయనకు, పూలమ్మే ఆమెకు, చిక్కడపల్లి కూరగాయల బండి దగ్గర. ఎవరినీ సమజైందా అని అడగలేదు. మన దగ్గర ఆ ప్రశ్నకు జవాబు అవుననే వస్తుంది. అది మర్యాద, అబద్ధం కాదు. తప్పు ప్రశ్నలో ఉంది. కరెంటు గురించి రాస్తే ఫ్యూజు ఎలా చూస్తారో చూపించమన్నాను. గ్రహణం గురించి రాస్తే నారింజ పండు చేతికిచ్చి, ఇప్పుడు మీరు నాకు చెప్పండి అన్నాను. వాళ్ళు ఆగిన చోట నేను రాయాల్సిన వాక్యం ఉండేది. కొత్తగా డెస్కుకు వచ్చిన పిల్లలకు నేను నేర్పింది కూడా ఇంతే. సైన్సు తెలిసినంత మాత్రాన సైన్సు రాయడం రాదు. పాఠకుడి ఇంట్లో ఏ కొలత ఉందో తెలుసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

అయిపోయింది, ఇగ ఇది ఒక్కటే ఉన్నది. నిత్యా, పొద్దటిసంది తల ఊపుతున్నవు, నేను చూస్తనే ఉన్న. సమజైందా అని నిన్ను అడగ. లెవ్వు. వంటింట్ల గూట్ల ఆ ఇత్తడి చెంబున్నది, అది పట్టుకరా. రెండు పాల ప్యాకెట్లు కడిగి, చెంచాల ఉప్పు తీస్కొని, వేలితోని ఇట్ల గీసి, నా ముంగట—

"అత్తమ్మా, అన్నం పెట్టిన. జర వచ్చి చారుల ఉప్పు చూడుండ్రి, నాకు సమజైతలేదు."

వస్తున్న బిడ్డా. చూసినవా, మీ అమ్మ నయం, సమజ్ కాకుంటే కాలేదని నోరు విడిచి చెప్తది.